అమ్రాబాద్ పులుల అభయారణ్యం

అమ్రాబాద్ పులుల అభయారణ్యం తెలంగాణ రాష్ట్రంలో, నల్లమల అడవులలో ఉన్న వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం. ఇది నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాలలో కృష్ణా నదికి ఎడమ ఒడ్డున విస్తరించి ఉన్నది. దీని మొత్తం వైశాల్యం 2,611.39 చదరపు కిలోమీటర్లు. ఇందులో 2,166.37 చ.కి.మీ. కేంద్ర ప్రాంతం (కోర్), 445.02 చ.కి.మీ. పరిసర ప్రాంతం (బఫర్). కేంద్ర ప్రాంతపు విస్తీర్ణాన్ని బట్టి చూస్తే దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాలలో ఇది ఒకటి. నదికి ఆవలి ఒడ్డున ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం కలదు. 2015 వరకు ఈ రెండూ ఒకే అభయారణ్యంగా ఉండేవి.

పెద్దపులి, రేచుకుక్క, ఎలుగుబంటి, అలుగు వంటి అరుదైన జంతువులకు ఈ అడవి నివాసం. ఆదిమ తెగయైన చెంచులకు ఇది తరతరాల నివాసస్థలం. అడవి పెద్దదైనా ఇచ్చట పులుల సంఖ్య తక్కువ. ఆ కొద్దిపాటి పులులు నిలవాలంటే అడవి ముక్కలు కాకుండా ఉండాలి. రహదారులు, ఖనిజాన్వేషణ, గ్రామాల తరలింపు వంటి అంశాలపై ఇక్కడ జరుగుతున్న చర్చలన్నిటికీ మూలం ఇదే.

పేరు, సరిహద్దులు

నాగర్‌కర్నూల్ జిల్లాలోని మండల కేంద్రమైన అమ్రాబాద్ పేరు మీదుగా ఈ అభయారణ్యానికి ఆ పేరు వచ్చినది. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతం మహబూబ్ నగర్ జిల్లాలో ఉండేది. అచ్చంపేట, అమ్రాబాద్, పదర, లింగాల, కొల్లాపూర్ మండలాల అటవీ గ్రామాలు దీని పరిధిలోను, అంచులలోను ఉన్నాయి. తూర్పున నాగార్జునసాగర్ జలాశయం వైపు నల్గొండ జిల్లా భాగం ఉన్నది.

అలంపూర్ సమీపంలో తుంగభద్రను కలుపుకొన్న కృష్ణా నది, సోమశిల దాటిన తరువాత నల్లమల కొండల నడుమ లోతైన లోయలో ప్రవహిస్తుంది. ఈ లోయయే అభయారణ్యానికి దక్షిణపు సరిహద్దు, రెండు రాష్ట్రాలకు కూడా సరిహద్దు. నదిపై శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలు కట్టిన తరువాత లోయలో చాలా భాగం జలాశయంగా మారినది.

శైవ సంప్రదాయంలో ఈ అడవి మొత్తం శ్రీశైల క్షేత్రానికి పరిసరంగా పరిగణింపబడుతుంది. శ్రీశైలానికి అలంపూర్ పశ్చిమ ద్వారం, అచ్చంపేట సమీపంలోని ఉమామహేశ్వరం ఉత్తర ద్వారం, త్రిపురాంతకం తూర్పు ద్వారం, సిద్ధవటం దక్షిణ ద్వారం అని ప్రసిద్ధి. యాత్రికులు ఒకప్పుడు ఈ ద్వారాల నుండి అడవిదారులలో కాలినడకన శ్రీశైలం చేరేవారు.

భౌగోళిక స్వరూపం

నల్లమల కొండలు తూర్పు కనుమలలో భాగం. భూగర్భ శాస్త్రం ప్రకారం ఇవి కడప బేసిన్‌కు చెందిన అతి ప్రాచీన అవక్షేప శిలలు. పలుగురాయి, పలకరాయి ఎక్కువగా కనిపిస్తాయి. నేలపొర పలుచన. వాన నీరు త్వరగా జారిపోయి వాగులలోకి, అక్కడినుండి కృష్ణలోకి చేరుతుంది.

అమ్రాబాద్ పీఠభూమికి రెండు మెట్లు ఉన్నాయి. అమ్రాబాద్, పదర గ్రామాలున్న దిగువ మెట్టులో వ్యవసాయం జరుగుతుంది. మన్ననూరు దాటిన తరువాత ఘాటు ఎక్కితే ఎగువ మెట్టు వస్తుంది. ఇది దాదాపు పూర్తిగా అడవి. అభయారణ్యపు కేంద్ర ప్రాంతంలో ముఖ్యమైన భాగం ఈ ఎగువ మెట్టుపైనే ఉన్నది.

జూన్ నుండి అక్టోబరు వరకు వానలు పడతాయి. ఫిబ్రవరి నాటికి చెట్లు ఆకులు రాల్చుతాయి. ఏప్రిల్, మే నెలలలో చాలా వాగులు ఎండిపోయి, కొన్ని మడుగులు, చెలమలు మాత్రమే మిగులుతాయి. ఈ కాలంలో జంతువులన్నీ నీటి చుట్టూ చేరుతాయి. వేటగాళ్ళ ఉచ్చులకు, అడవి మంటలకు కూడా ఇదే కాలం.

చరిత్ర

మధ్యయుగంలో ఈ ప్రాంతం కాకతీయుల ఏలుబడిలో ఉండేది. మన్ననూరు-శ్రీశైలం మార్గంలో కొండలపై ఉన్న శిథిల దుర్గాన్ని ప్రతాపరుద్రుని కోట అంటారు. తరువాత ఈ అడవి హైదరాబాదు నిజాం రాజ్యంలో భాగమై, పాలకులకు, వారి అతిథులకు వేట ప్రదేశమైనది. వేసవి విడిదిగా, వేట విడిదిగా ఫరహాబాద్‌లో కట్టడాలు నిర్మింపబడినవి. 'ఫరహ్' అనగా ఆనందం.

1940లో ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ ఇచ్చటి చెంచుల నడుమ ఉండి వారి జీవనాన్ని అధ్యయనం చేశాడు. ఆయన గ్రంథం 1943లో వెలువడినది. ఆయన సిఫారసులపై నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ అడవిలో కొంత భాగాన్ని చెంచుల కొరకు ప్రత్యేకించినది. అంటే వన్యప్రాణుల పేరుతో ఈ అడవిని ప్రత్యేకించక ముందే, అందులో నివసించే మనుషుల కొరకు ఒక రక్షిత ప్రాంతం ఏర్పడినది.

స్వాతంత్ర్యం తరువాత వేట, కలప, వెదురు నరకుడు వలన పులుల సంఖ్య దేశమంతటా పడిపోయినది. 1972లో జరిపిన తొలి అఖిల భారత గణనలో 1,827 పులులు ఉన్నట్లు తేలినది. అదే సంవత్సరం వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది. 1973 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం 9 అభయారణ్యాలతో ప్రాజెక్ట్ టైగర్ ప్రారంభించినది. నల్లమల తొలి జాబితాలో లేదు. ఇక్కడి పరిణామాల క్రమం ఇది:

1978 – నాగార్జునసాగర్-శ్రీశైలం వన్యప్రాణి అభయారణ్యం ప్రకటన.
1983 – ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి చేర్చుట. అప్పటి వైశాల్యం 3,568 చ.కి.మీ.; అది కర్నూలు, ప్రకాశం, గుంటూరు, నల్గొండ, మహబూబ్ నగర్ అను 5 జిల్లాలలో వ్యాపించి ఉండేది.
1992 – రాజీవ్ గాంధీ వన్యప్రాణి అభయారణ్యంగా పేరు మార్పు.
2014 జూన్ 2 – తెలంగాణ రాష్ట్ర అవతరణ.
2015 – తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరు పడుట.

1990వ దశకం నుండి 2000వ దశకం మధ్య వరకు నల్లమల నక్సలైట్ ఉద్యమానికి ముఖ్య స్థావరంగా ఉండేది. ఆ కాలంలో అటవీ సిబ్బంది లోపలి ప్రాంతాలలో గస్తీ తిరుగుట, జంతువులను లెక్కించుట కష్టమైనది. 2005 తరువాత పరిస్థితి మారి, అడవిలో స్థావర శిబిరాలు, నిఘా కెమెరాల ఏర్పాటు సాధ్యమైనది.

వృక్ష సంపద

ఇది ఎక్కువగా పొడి ఆకురాల్చు అడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, వేగిస, బిళ్ళుడు, అందుగు, తపసి, తునికి, ఇప్ప, మొర్రి, కొడిశ, ఈత ముఖ్యమైన చెట్లు. లోయలలో వెదురు పొదలు కలవు. చెట్ల నడుమ నిలువెత్తు గడ్డి పెరుగుతుంది. దుప్పి, కణుజు వంటి జంతువులకు ఇదే మేత. నల్లమలకు ప్రత్యేకమైన, లేదా ఇక్కడ అరుదుగా దొరికే మొక్కలలో ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా, ఎరియోలేనా లషింగ్టోని చెప్పుకోదగినవి. మొదటి మొక్క పేరులోనే నల్లమల ఉన్నది.

తపసి చెట్టు నుండి తీసే బంకకు, ఇప్ప పూవుకు, మొర్రి గింజల నుండి వచ్చే సారపప్పుకు మార్కెట్ ఉన్నది. వీటిని సేకరించుట చెంచులకు ముఖ్యమైన ఆదాయం. కాండాన్ని లోతుగా గాటు పెట్టి బంక తీస్తే తపసి చెట్టు చచ్చిపోతుంది. కావున పలుచగా గాటు పెట్టి, చెట్టుకు తిరిగి మానే వ్యవధి ఇచ్చే పద్ధతిలో శిక్షణ ఇవ్వబడుతున్నది.

జంతు సంపద

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ముప్పు ఉన్నవిగా పేర్కొన్న పలు జంతువులు ఇచ్చట కలవు.

అంతరించే ప్రమాదంలో ఉన్నవి: పెద్దపులి, రేచుకుక్క, అలుగు.
ముప్పు వాటిల్లగలవి: చిరుతపులి, ఎలుగుబంటి, కణుజు, కొండగొర్రె, నీటికుక్క, మగ్గర్ మొసలి.

ఇవి కాక చుక్కల దుప్పి, మనుబోతు, బుర్రజింక, మూషిక జింక, అడవిపంది, తోడేలు, నక్క, ముళ్ళపంది, తేనెకుక్క, కొండముచ్చు మొదలైనవి ఉన్నాయి. కొండగొర్రెకు నాలుగు కొమ్ములుంటాయి. ఇది గుంపులుగా కాక ఒంటరిగా లేదా జంటగా తిరుగుతుంది. అలుగును పొలుసుల కొరకు అక్రమంగా వేటాడుతారు. మొసళ్ళు, నీటికుక్కలు కృష్ణా నదిలోను, జలాశయపు అంచులలోను నివసిస్తాయి.

నల్లమల నుండి మాయమైన జంతువులలో అడవిదున్న ఒకటి. సుమారు 150 సంవత్సరాల తరువాత, 2024లో ఆంధ్ర ప్రదేశ్ వైపు ఆత్మకూరు అటవీ డివిజన్‌లో ఒక అడవిదున్న కనిపించినది. కొండ శ్రేణుల మధ్య అడవిదారులు తెగిపోకపోతే పోయిన జంతువు తిరిగి రాగలదని ఈ ఘటన సూచిస్తున్నది.

పులుల సంఖ్య

జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, భారత వన్యప్రాణి సంస్థ కలిసి నాలుగేళ్ళకు ఒకమారు దేశవ్యాప్త అంచనా జరుపుతాయి. పూర్వం అడుగుజాడల అచ్చులను బట్టి లెక్కించేవారు. ఒకే పులి అడుగును రెండుమార్లు లెక్కించే అవకాశం ఉన్నందున ఈ పద్ధతిని విడిచిపెట్టారు. ఇప్పుడు దారుల వెంట జంటగా అమర్చిన కెమెరాలతో పులికి రెండు ప్రక్కలా ఫోటోలు తీస్తారు. మనుషుల వేలిముద్రల వలెనే ప్రతి పులి చారలూ వేరుగా ఉంటాయి.

2018, 2022 అంచనాలలో పులుల సంఖ్య ఈ విధంగా ఉన్నది.

అమ్రాబాద్ అభయారణ్యం – 2018లో 7, 2022లో 12
నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం – 2018లో 43, 2022లో 58
తెలంగాణ రాష్ట్రం – 2018లో 26, 2022లో 21
ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం – 2018లో 48, 2022లో 63
భారతదేశం – 2018లో 2,967, 2022లో 3,682

తెలంగాణలో మొత్తం సంఖ్య తగ్గినప్పటికీ అమ్రాబాద్‌లో పెరిగినది. అయితే 2,600 చ.కి.మీ. అడవికి 12 పులులు చాలా తక్కువ. దీనికి ముఖ్య కారణం ఆహారం. ఒక పులి సగటున వారానికి ఒక పెద్ద జంతువును, అనగా ఏడాదికి సుమారు 50 జంతువులను చంపుతుంది. మేత జంతువుల మంద తరగకుండా ఉండాలంటే ఒక్కొక్క పులికి దాదాపు 500 దుప్పులు, కణుజులు, పందులు వంటివి ఆ ప్రాంతంలో ఉండాలి. పొడి అడవిలో గడ్డి, నీరు తక్కువ కావున ఈ జంతువులు పలుచగా ఉంటాయి. అందుచేత ఇక్కడ ఒక్కొక్క పులికి ఎక్కువ విస్తీర్ణం కావాలి. తడి అడవిలో కొద్ది చోటులో బ్రతికే పులుల సంఖ్యకు నల్లమలలో అనేక రెట్ల అడవి అవసరం.

నదికి ఆవలి ఒడ్డున పులులు ఎక్కువగా ఉన్నాయి. పులి ఈదగల జంతువు. దక్షిణాన నల్లమల నుండి లంకమల మీదుగా శేషాచలం వరకు ఉన్న అడవులను కలుపుతూ పులుల రాకపోకల మార్గం ఉన్నది. అమ్రాబాద్ ఈ మార్గానికి ఉత్తరపు కొస.

చెంచులు

చెంచులు నల్లమల అడవులలో నివసించే ఆదిమ తెగ. భారత ప్రభుత్వం వీరిని ఆదిమ గిరిజన తెగల జాబితాలో చేర్చినది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో వీరి సంఖ్య సుమారు 64 వేలు. అందులో కొద్దిభాగం మాత్రమే అడవి లోపలి గూడేలలో నివసిస్తున్నది. చెంచుల గూడేన్ని పెంట అంటారు. అప్పాపూర్, రాంపూర్, భౌరాపూర్, మేడిమల్కల, సంగడిగుండాలు అడవి లోపలి పెంటలలో కొన్ని. శ్రీశైలం దారిలోని ఈగలపెంట, దోమలపెంట ఊర్ల పేర్లలో కూడా ఈ మాటయే ఉన్నది.

వీరి మాతృభాష తెలుగు. మండ్ల, నిమ్మల, చిగుర్ల, ఉడతల, తోకల మొదలైన ఇంటిపేర్లు గల వంశాలున్నాయి. ఒకే వంశంలో పెళ్ళిళ్ళు చేసుకోరు. శ్రీశైల మల్లికార్జునుని అల్లునిగా భావించి చెంచు మల్లయ్య అని కొలుస్తారు. అడవిలోని వేటకు, ఫలాలకు అధిదేవత గారెల మైసమ్మ. అహోబిల నరసింహుడు పెండ్లాడిన చెంచులక్ష్మి తమ ఆడబిడ్డ అని చెప్పుకొంటారు.

దుంపలు త్రవ్వుట, పండ్లు, తేనె, బంక సేకరించుట వీరి పూర్వ జీవనాధారం. విల్లంబులతో చిన్న జంతువులను వేటాడేవారు. 1972 చట్టంతో వేట నిషేధమైనది. కొండచరియల తేనెపట్టుల కొరకు తీగలు పేనిన తాడుతో దిగేటప్పుడు, పైన తాడు పట్టుకొనే పని భార్య సోదరునికి అప్పగిస్తారు. తన అక్కచెల్లెలు విధవ కారాదని అతడు తాడు వదలడని దీని భావం. పట్టు మొత్తం కోయకుండా కొంత ఈగలకు విడిచిపెట్టుట ఆచారం.

అభయారణ్యం ఏర్పడిన తరువాత పలువురు చెంచులు అటవీ శాఖలో రక్షణ కాపలాదారులుగా, స్థావర శిబిరాల సిబ్బందిగా, సందర్శకులకు మార్గదర్శకులుగా పనిచేస్తున్నారు. అడుగుజాడలు చదువుట, ఎండాకాలంలో చెలమల జాడ తెలియుట, ఉచ్చులను గుర్తించుట వీరికి చిన్ననాటి నుండి వచ్చిన విద్య. మన్ననూరులో చెంచుల అభివృద్ధికి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం కలదు.

సంరక్షణ చర్యలు

అడవిని బీట్లుగా విభజించి, స్థావర శిబిరాల నుండి రోజూ కాలినడకన గస్తీ జరుపుతారు. తిరిగిన దారి, కనిపించిన జంతువులు, ఉచ్చులు మొదలైన వివరాలు చేతి యంత్రంలో నమోదవుతాయి.

నీరు: వేసవిలో సిమెంటు తొట్లను ట్యాంకర్లతో, సౌర విద్యుత్తుతో నడిచే బోర్లతో నింపుతారు. తొట్లు లోతు లేకుండా పళ్ళెం ఆకారంలో ఉండుట వలన చిన్న జంతువులు, పక్షులు కూడా త్రాగగలవు.

మంటలు: ఎండు గడ్డికి నిప్పంటుకుంటే గాలితో మైళ్ళ కొద్దీ వ్యాపిస్తుంది. ఆర్పకుండా పారవేసిన బీడీ, యాత్రికులు వంట చేసుకొన్న పొయ్యి ఎక్కువగా కారణాలు. ఎండలు ముదరక ముందే దారుల వెంట గడ్డిని తొలగించి అగ్నినిరోధక గీతలు ఏర్పరుస్తారు.

గడ్డి మైదానాలు: కలుపు మొక్కలు ఆక్రమించిన చోట్ల వాటిని తీసివేసి మేత గడ్డిని పెంచుతారు. మేత జంతువులు పెరగకుండా పులుల సంఖ్యను పెంచుట సాధ్యం కాదు.

ప్లాస్టిక్: 2024లో అభయారణ్యంలోకి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులను తీసుకొని వెళ్ళుట నిషేధింపబడినది.

ముప్పులు, వివాదాలు

యురేనియం అన్వేషణ

నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయం సమీపాన ఉన్న లంబాపూర్-పెద్దగట్టు వద్ద యురేనియం గని త్రవ్వే ప్రతిపాదనపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు తీవ్ర వ్యతిరేకత వచ్చినది. ఆ గని ప్రారంభం కాలేదు. తరువాత అణు ఖనిజాల అన్వేషణ సంస్థ అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చ.కి.మీ. పరిధిలో అన్వేషణకు అనుమతి కోరినది. ప్రతిపాదనలో సుమారు 4,000 బోరు రంధ్రాలు ఉన్నాయి. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం దీనికి సూత్రప్రాయంగా అంగీకారం తెలిపినది.

అన్వేషణ మాత్రమే కదా అను వాదానికి ప్రత్యర్థులు ఇచ్చిన సమాధానం ఇది: ప్రతి రంధ్రం వద్దకు యంత్రాన్ని చేర్చుటకు దారి వేయాలి, చెట్లు తొలగించాలి, మనుషులు నివసించాలి. ఖనిజం దొరికితే త్రవ్వకం వస్తుంది. వాగుల నీరు చివరకు కృష్ణలోకే చేరుతుంది. నాగార్జునసాగర్ నుండి హైదరాబాదుకు త్రాగునీరు, లక్షల ఎకరాలకు సాగునీరు అందుతున్నది. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం పరిసర గ్రామాల ప్రజలు నీటి కాలుష్యంపై చేసిన ఫిర్యాదులు కూడా చర్చకు వచ్చినవి. అమ్రాబాద్, పదర మండలాలలో బందులు, సభలు జరిగినవి. చెంచులు, రైతులు, విద్యార్థులు, రచయితలు, సినీ కళాకారులు 'సేవ్ నల్లమల' ఉద్యమంలో పాల్గొన్నారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ, నల్లమలలో యురేనియం త్రవ్వకాలకు అనుమతి ఇవ్వరాదని ఏకగ్రీవంగా తీర్మానించినది.

రహదారి

హైదరాబాదు-శ్రీశైలం జాతీయ రహదారి 765 అభయారణ్యం మధ్య నుండి పోతుంది. మన్ననూరు నుండి దోమలపెంట వరకు రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాల రాకపోకలు నిషేధం. పులి, చిరుత, ఎలుగుబంటి ఎక్కువగా రాత్రివేళ తిరుగుటయే దీనికి కారణం. రద్దీ పెరుగుట వలన రహదారిని విస్తరించాలని, అడవి భాగంలో స్తంభాలపై వంతెన మార్గం నిర్మించాలని ప్రతిపాదనలు వచ్చినవి. వంతెన మార్గం క్రింద జంతువులు స్వేచ్ఛగా దాటగలవని సమర్థకులు చెబుతుండగా, నిర్మాణ కాలంలో కలిగే అలజడిపై పర్యావరణవేత్తలు ఆందోళన తెలిపారు.

సొరంగం

శ్రీశైలం జలాశయం నుండి నల్గొండ జిల్లాకు నీరు తీసుకొనిపోయే ఎడమగట్టు కాలువ సొరంగం, సుమారు 44 కి.మీ. పొడవున, ఈ అడవి క్రిందుగా పోతుంది. పైన అభయారణ్యం ఉన్నందున మధ్యలో ఎక్కడా ఉపరితలం నుండి ద్వారాలు త్రవ్వకుండా రెండు కొసల నుండి మాత్రమే పని చేయవలసి వచ్చినది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం కూలి 8 మంది కార్మికులు, సిబ్బంది లోపల చిక్కుకొన్నారు. అడవిని కాపాడుతూ నీటిని మళ్ళించుట ఎంత క్లిష్టమో, ఆ భారం చివరకు ఎవరిపై పడగలదో ఈ దుర్ఘటన తెలిపినది.

గ్రామాల తరలింపు

2006లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులుల కేంద్ర ప్రాంతంలో మానవ ఆవాసాలు లేకుండుట ఆదర్శం. అదే సంవత్సరపు అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిలో నివసించేవారి హక్కులను ముందుగా గుర్తించి, గ్రామసభ సమ్మతితో మాత్రమే తరలింపు జరపాలి. కుటుంబానికి 2008లో 10 లక్షల రూపాయలుగా నిర్ణయించిన పరిహారం 2021లో 15 లక్షలకు పెరిగినది. సార్లపల్లి, కుడిచింతలబైలు, వటవర్లపల్లి మొదలైన గ్రామాల పునరావాసం ప్రతిపాదనలో ఉన్నది.

తరలింపును సమర్థించేవారి ప్రకారం, అడవి లోపలి గ్రామాలకు పాఠశాల, వైద్యం, రహదారి అందుట కష్టం. బయటికి వస్తే పిల్లలకు చదువు, అడవికి నిశ్శబ్దం లభిస్తాయి. వ్యతిరేకించేవారి ప్రకారం, చెంచుల ఉనికి పులికి హాని కాదు. కలప, వేట ముఠాలు బయటివి. తెలియని వ్యవసాయంలోకి, కూలిపనిలోకి నెట్టబడిన చెంచులు భూమిని, ఆరోగ్యాన్ని కోల్పోతారు. లోపలి గ్రామాలలో వ్యవసాయం చేసే ఇతర కులాల కుటుంబాలు, సేకరణతో జీవించే చెంచు కుటుంబాలు కలిసి ఉన్నందున, ఒకే పరిహారం అందరికీ ఒకే రీతిగా ఉపయోగపడదు.

ఇటువంటి సమస్య నల్లమలకే పరిమితం కాదు. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాలో, నాటి టాంగన్యికాలో, 1959లో సెరెంగెటి జాతీయవనం నుండి పశుపోషకులైన మాసాయి ప్రజలను పంపివేసి ప్రక్కనే ఉన్న న్గోరోంగోరోలో నివసించుటకు హక్కు ఇచ్చారు. ఆ హక్కుల పరిధిపై వివాదం నేటికీ సాగుతున్నది. ఇచ్చిన మాట చట్టంలో స్పష్టంగా లేనప్పుడు తరలింపు ఒక తరంతో ముగియదని ఆ అనుభవం చూపుతున్నది.

రోళ్ళపాడు అనుభవం

అలంపూర్‌కు తుంగభద్ర ఆవల, నంద్యాల జిల్లాలో (పూర్వం కర్నూలు జిల్లా) రోళ్ళపాడు వన్యప్రాణి అభయారణ్యం కలదు. బట్టమేక పిట్ట కొరకు 1988లో ఏర్పడిన దీని వైశాల్యం సుమారు 6 చ.కి.మీ. మాత్రమే. ఈ పక్షి తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నది. చుట్టూ ఉన్న బీళ్ళు, మెట్ట పంటల పొలాలు కూడా దానికి ఆహారపు స్థలాలు. కాలువ నీరు వచ్చి సాగు పద్ధతులు మారిన తరువాత కంచె లోపలి గడ్డి మిగిలినా పక్షి క్రమంగా తగ్గి, దాదాపు కనుమరుగైనది. కంచె లోపలి భూమిని మాత్రమే కాపాడితే చాలదని ఈ అనుభవం తెలుపుతున్నది. విస్తీర్ణంలో అమ్రాబాద్ దీనికి 400 రెట్లకు పైగా పెద్దది. కాని పులికి కావలసిన చోటు కూడా అంతే పెద్దది.

చూడదగిన ప్రదేశాలు

ఫరహాబాద్ వ్యూ పాయింట్: ఎగువ మెట్టు అంచు నుండి లోయ, అడవి కనిపించే చోటు. అటవీ శాఖ సఫారీ వాహనాలు ఇక్కడ నడుస్తాయి.
మల్లెల తీర్థం: వటవర్లపల్లి సమీపంలోని జలపాతం.
సలేశ్వరం: లోతైన లోయలో జలపాతం ప్రక్కన ఉన్న శివ క్షేత్రం. చైత్ర పౌర్ణమికి జరిగే జాతరకు మాత్రమే ప్రవేశం.
ఉమామహేశ్వరం: అచ్చంపేట సమీపంలోని కొండపై ఉన్న శైవ క్షేత్రం.
భౌరాపూర్: మహాశివరాత్రికి చెంచుల జాతర జరుగుతుంది.

ప్రయాణ వివరాలు

హైదరాబాదు నుండి మన్ననూరు సుమారు 140 కి.మీ. శ్రీశైలం బస్సులన్నీ ఈ మార్గంలోనే పోతాయి. అలంపూర్, గద్వాల వైపు నుండి వచ్చేవారు వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరవచ్చును. జూలై నుండి సెప్టెంబరు వరకు సఫారీ మూసివేయబడుతుంది. ఇది వానాకాలం, పలు జంతువులకు సంతానకాలం. దారిలో వాహనం ఆపి కోతులకు ఆహారం వేయుట, చెత్త పారవేయుట, నిప్పు రాజేయుట నేరం.

ఇవి కూడా చూడండి

నల్లమల అడవులు
చెంచులు
నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం
రోళ్ళపాడు వన్యప్రాణి అభయారణ్యం
బట్టమేక పిట్ట
అలంపూర్
కవ్వాల్ పులుల అభయారణ్యం